రాణి, ఆరు, నాలుగు

గద్వాల పాత బస్టాండు ఎదురు సందులో నాకు చాయ్ హోటల్ ఉంది. నా పేరు అనంతయ్య. ఇరవై ఏడేళ్లుగా అక్కడే పాలు కాస్తున్నాను కాబట్టి ఈ ఊళ్లో ఎవరు ఎట్లా బాగుపడ్డారో, ఎవరు ఎట్లా చెడ్డారో నాకు కాస్త తెలుసు. సాంసన్ చెడ్డవాడని అనేవాళ్లు ఇప్పుడు చాలామందే ఉన్నారు. ఆ మాట నా హోటల్లో అంటే ఊరుకోను. అంటే అన్నారు గానీ గ్లాసు అక్కడ పెట్టి లేవండి అంటాను. అట్లాగని వాడు మంచివాడని గట్టిగా చెప్పడానికీ నాకు నోరు రాదు. జరిగింది జరిగినట్టు చెప్తాను. ఏమనుకుంటారో మీ ఇష్టం.

సాంసన్‌ది ధరూర్ మండలంలో కృష్ణ ఒడ్డున ఒక పల్లె. తండ్రి పూణె దగ్గర మట్టిపనికి పోయి అక్కడే కన్నుమూశాడు. తల్లి బాలమ్మ కూలికి పోయి వీణ్ణి పెంచింది. ఏడో తరగతితో బడి మానేసి, పందొమ్మిదో ఏట మేస్త్రీ వెంట గోవా పోయాడు. మూడేళ్లు కాంక్రీటు తట్టలు మోశాడు. ఆ తర్వాత పణజిలో, నది మీద లంగరు వేసి ఉంచే ఒక పెద్ద పడవలో ఊడ్చే పని దొరికింది. ఆ పడవ కాసినో. పొద్దుగూకితే దీపాలు, పాటలు, దేశం నలుమూలల నుంచి డబ్బు సంచులతో వచ్చే జనం. వీడి పని బల్లల కింద పడ్డ సిగరెట్ పీకలు, గాజు పెంకులు, నలిపి పారేసిన కాగితాలు వంగి ఏరడం. అట్లా పదకొండేళ్లు వంగాడు.

"ఆడేటోళ్లు కాళ్లు జరుపుతరు గాని మొఖం చూడరు కాకా. నా మొఖం ఒక్కనికి యాదికుండదు. నాకేమో వాళ్ల కాళ్లన్నీ యాదికున్నయ్" అనేవాడు నాతో.

నడుం పట్టేసి పని చాతగాక ఏడేళ్ల కిందట తిరిగొచ్చాడు. పెళ్లి లేదు. ఊళ్లో ఒక ఫంక్షన్ హాలు కడిగే పనికి కుదిరి, తల్లిని తెచ్చి గద్వాల్లోనే ఒక గది అద్దెకు తీసుకున్నాడు. మధ్యాహ్నం రెండు దాటితే నా హోటల్లో మూలబల్ల దగ్గర కూర్చునేవాడు. ఒక చాయ్ చెప్పి గంట తాగేవాడు. మాట్లాడేవాడు కాదు. వాడు ఉన్నాడో లేడో కూడా జనానికి పట్టేది కాదు. అదిగో, ఆ సుదర్శన్ రాకపోయి ఉంటే ఇప్పటికీ అట్లాగే ఉండేవాడేమో.

సుదర్శన్ అంటే విత్తనపత్తి ఆర్గనైజరు. కంపెనీకీ రైతుకూ మధ్య నిలబడి పంట వేయించే మనిషి. మాది విత్తనపత్తి సీమ కాబట్టి అట్లాంటి వాళ్లకు ఇక్కడ కొదవ లేదు. సీజన్ అయిపోగానే నలుగురిని కారులో వేసుకుని గోవా పోయి రావడం ఆయనకు అలవాటు. ఒకరోజు నా హోటల్లో కూర్చుని, కాసినోలో మూడు పత్తాల పేకాట బల్ల దగ్గర నలభై వేలు పోయాయని గొప్పగా చెప్పుకుంటున్నాడు. పోయినదాన్ని కూడా గొప్పగా చెప్పుకోవడం ఉన్నవాడికే చెల్లుతుంది.

మూల నుంచి సాంసన్ గొంతు వినబడింది. "అన్నా, బ్లైండ్ ఆడినరా?"

సుదర్శన్ వెనక్కి తిరిగి చూశాడు. "మరెట్ల ఆడాలె? దసరాకు మనం ఎట్ల ఆడుతం? గట్లనే ఆడిన."

"మనకాడ ఎదురుంగ మనిషి ఉంటడన్నా. పత్తాలు చూడకుండ పైసలు పెట్టి భయపెడితే వాడు పారేసి పోతడు. ఆడ బల్ల అవతల పత్తాలు పంచే పిల్లకు భయం ఎక్కడిది? పైసలు ఆమెవి కావు. పారేసే అధికారం కూడా లేదు ఆమెకు. గా పిల్ల మొఖం చూసుకుంట కూసుంటే ఏమొస్తది?"

నేను గరిటె ఆపాను. ఐదేళ్లలో వాడు అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడటం అదే మొదలు.

ఆ రోజు సాంసన్ చెప్పిన లెక్క తర్వాత నాకు కూడా కంఠతా వచ్చింది. ముందు కొంత పెడతావు. నీకు మూడు ముక్కలు వస్తాయి, బల్ల పిల్లకు మూడు. నీవి నువ్వు చూసుకున్నాక రెండే దారులు. పారేస్తే ముందు పెట్టింది పోతుంది. ఆడతానంటే ముందు పెట్టినంత మళ్లీ పెట్టాలి, అప్పుడు ఆమె తన ముక్కలు తిప్పుతుంది. ఎప్పుడు పారెయ్యాలి, ఎప్పుడు ఆడాలి అన్నదే విద్య అంతా.

"జోడుంటే ఆడు. రాజున్నా ఆసున్నా ఆడు" అన్నాడు సాంసన్ వేళ్లు మడుస్తూ. "రాణి ఉంటే జర ఆగు. రెండోది ఏడు గాని, ఆ పైది గాని అయితే ఆడు. ఆరైతే మూడోది నాలుగన్న ఉండాలె. రాణి, ఆరు, నాలుగు. గంతకు ఒక్కటి తగ్గినా పారెయ్. పోయింది పోనీ. ఇగ జోడు గాని ఆ పైది గాని పడితే ఇన్నింతలిస్తం అని పక్కన ఇంకో గడి గీసి ఉంటది సూడు, దాని జోలికే పోవద్దు. రెండు గంటలైనంక లేసి అన్నం తిను, డాన్సు సూసుకో. ఆఖరుకు గెలిచేది బల్లనే అన్నా. మనం నిదానంగ ఓడాలె, గంతే."

"నిదానంగ ఓడనీకె గోవా దాంక పోవాల్నా?" అని సుదర్శన్ పకపకా నవ్వాడు. కానీ ఆ లెక్క మాత్రం సిగరెట్ పెట్టె మీద రాసుకున్నాడు.

మరుసటి ఏడాది గోవా పోయి పన్నెండు వేలు మిగుల్చుకుని వచ్చాడు మహానుభావుడు. అదృష్టం బాగుంది, రెండు గంటల తర్వాత లేచి తాగడానికి పోయాడు, అంతే. కానీ ఊరంతా చెప్పుకున్నది సాంసన్ పేరు. సుదర్శన్ ఒక కొత్త చొక్కా తెచ్చి అందరి ముందు వాడి భుజం మీద వేసి, "మా ఉస్తాద్" అన్నాడు. ఇక చూడండి. వనపర్తి నుంచి ధాన్యం వ్యాపారులు, నాగర్‌కర్నూల్ నుంచి ఒక ప్లాట్ల బ్రోకరు, అయిజ నుంచి ఎరువుల దుకాణం బాలన్న. వచ్చి, చాయ్‌లు చెప్పి, వాడి చుట్టూ బెంచీలు లాక్కుని కూర్చునేవారు. నా గల్లాపెట్టెకు మంచిదే. అబద్ధమెందుకు, నేను వద్దనలేదు. పేకలు పరుచుకోండి గానీ బల్ల మీద ఒక్క రూపాయి కనబడితే ఉడుకు చాయ్ నెత్తిన పోస్తానని మాత్రం చెప్పాను.

సాంసన్ మారిపోయాడు. గడ్డం రోజూ గీసుకునేవాడు. జేబులో పెన్ను పెట్టుకునేవాడు. ఆ పెన్నుతో వాడు రాసేదేమీ లేదు. నాకు నవ్వొచ్చేది, ఒక్కోసారి ఒళ్లు మండేది కూడా. నలభై ఏళ్లు దగ్గరపడ్డాక ఒక మనిషికి మొదటిసారి మర్యాద దొరికితే ఎట్లా ఉంటుందో నాకు అప్పుడు అర్థం కాలేదు.

ఆ గుంపు వెనకాల నిలబడి వినేవాడు మధుసూదన్.

మధుసూదన్ మగ్గం మనిషి. మా గద్వాల చీర మీకు తెలిసే ఉంటుంది, నూలు ఒళ్లు, పట్టు అంచు, పట్టు కొంగు. తాత, తండ్రి, తను, మూడు తరాలు శావుకారి ఇచ్చిన పట్టూ జరీ నేసి, చీర ఆయనకే అప్పజెప్పి, కూలి తెచ్చుకున్నవాళ్లే. ఆ చీర ఎంతకు అమ్ముడుపోతుందో నేసినవాడికి చెప్పరు. ముప్పై ఎనిమిదేళ్ల మధుసూదన్‌కు ఒకే ఒక్క కోరిక ఉండేది. తన మగ్గం మీద తను కొన్న పడుగు ఎక్కాలి. తను నేసింది తన పేరు మీద అమ్ముడుపోవాలి. ఏళ్ల తరబడి కూలిలో కోయించుకున్న పొదుపు డబ్బు ఆ ఏడాదే చేతికొచ్చింది, లక్షా తొంభై వేలు. రెండు పడుగులకు సరిపోతుంది. కానీ ఆ రెండూ వెంటనే అమ్ముడుపోకపోతే మళ్లీ శావుకారి గడపే గతి. నాలుగు పడుగులకు ఉంటే ధైర్యంగా నిలబడొచ్చు అని అతని లెక్క. ఈ సంగతులన్నీ నాకు అతనే చెప్పాడు, చాయ్ తాగుతూ. ఆ డబ్బు పోతే మళ్లీ రాదని కూడా అతనే చెప్పాడు.

ఒక మధ్యాహ్నం అందరూ పోయాక ముందుకొచ్చి నిలబడ్డాడు. చేతులు కట్టుకున్నాడు.

"సార్, నాకు నేర్పుతరా?"

సాంసన్ చేతిలో గ్లాసు అట్లాగే ఆగిపోయింది. ఉస్తాద్ అని ఎగతాళిగా పిలిచినవాళ్లు ఉన్నారు గానీ, సార్ అని చేతులు కట్టుకుని నిలబడినవాడు వాడి పుట్టుకలో లేడు. ఆ సాయంత్రం బాలమ్మ ఉల్లిగడ్డలకు పోతూ నా హోటల్ ముందు ఆగి మరీ చెప్పింది. "అనంతన్నా, మా సాంసన్‌ను సార్ అంటుర్రంట! వాళ్ల నాయన ఉంటే మస్తు సంబురపడుతుండె." ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మంచిదే బాలమ్మా అన్నాను.

మూడు నెలలు సాగింది ఆ చదువు. మూడింటికి మగ్గం దిగి వచ్చేవాడు, నాలుగింటికి పోయేవాడు. సాంసన్ మూడేసి ముక్కలు పంచేవాడు. మధుసూదన్ చూసి, ఆడు, పారెయ్, పారెయ్, ఆడు అని చెప్పేవాడు. మొదటి వారం తడబడ్డాడు. రెండో వారం నుంచి ఒక్క తప్పు లేదు. మగ్గం మనిషి కదా, అంచు మీద హంస ఎన్నో పోగు దగ్గర మెడ తిప్పుతుందో గుర్తు పెట్టుకునే బుర్ర అది. సాంసన్ కావాలని మాటల్లో పెట్టేవాడు, రేడియో పెద్దగా పెట్టమనేవాడు, వేగంగా పంచేవాడు. ఊహూఁ. రాణి, ఆరు, మూడు పడితే మధుసూదన్ చెయ్యి దానంతటదే పక్కకు నెట్టేసేది.

"ఇగో కాకా, చూడు! పదకొండేండ్లల గిసుంటి ఆటగాన్ని నేను పడవల కూడ చూడలే" అని సాంసన్ మురిసిపోయేవాడు. వాడికి నిద్రలో కూడా అదే ధ్యాస అట.

నేను ఉండబట్టలేక ఒకరోజు అడిగాను. "మధూ, నీకెందుకయ్యా ఈ పేకల గోల? పైసలున్నోళ్లు పారేసుకునే ఆట ఇది."

అతను నవ్వలేదు. "నేను ఆటకు వస్తలేను కాకా. పని నేర్చుకుంటున్న. పని మంచిగొస్తే కూలి రాకుంట ఎటు పోతది?"

ఆ మాట సాంసన్ విన్నాడు. నేనూ విన్నాను. సాంసన్ పేకలు కలుపుతూ తల వంచుకున్నాడు. పంచడం మొదలుపెట్టాడు. నేను గ్లాసులు కడుక్కున్నాను. అప్పుడు ఇద్దరిలో ఒక్కరం నోరు తెరిచి ఉంటే ఈ కథ ఇంత దూరం వచ్చేది కాదు.

ఇంకొకసారి భార్గవి వచ్చింది, మధుసూదన్ భార్య. హోటల్ లోపలికి రాకుండా మెట్టు కింద నిలబడి కొంగు భుజం మీదికి లాక్కుంది.

"సాంసనన్నా, ఈయన ఆషాడంల గోవా పోత అంటుండు. గీ పైసలు ఒక్కసారే వస్తయ్ మాకు. నిజం చెప్పు, వస్తయా?"

"నీ మొగని చెయ్యి తప్పదు చెల్లె" అన్నాడు సాంసన్. "నా మీద నమ్మకం పెట్టుకో. ఒక్క తప్పు చెయ్యడు."

ఆమె అడిగినదేమిటి, వాడు చెప్పినదేమిటి? కానీ ఆమెకు ఆ తేడా పట్టలేదు. పట్టినా, మగవాళ్లిద్దరూ అంత ధీమాగా ఉంటే ఏమనగలదు? సరేనన్నట్టు తలూపి వెళ్లిపోయింది.

మధుసూదన్ రాయచూరు పోయి అక్కడ గోవా బస్సెక్కాడు. ఐదు రోజుల్లో వస్తానన్నవాడు పదో రోజు వచ్చాడు. మధ్యాహ్నం మూడింటికి, సరిగ్గా చదువు వేళకు, హోటల్లో అడుగుపెట్టాడు. ఇంటికి కూడా పోకుండా నేరుగా వచ్చాడు, సంచి చేతిలో అట్లాగే ఉంది. మాసిన గడ్డం, ఎర్రటి కళ్లు. తాగాడేమో అనుకున్నాను. తాగలేదు. అసలు ఒక్క చుక్క ముట్టలేదట.

సాంసన్ ఎదురుగా కూర్చుని, "సార్, నేనెక్కడ తప్పు చేసిన్నో జర సూసి చెప్పుండ్రి" అన్నాడు.

గొంతులో కోపం లేదు. అదే భయపెట్టింది నన్ను. నేసిన చీరలో పోగు ఎక్కడ తప్పిందో చూడమని పెద్దవాళ్లకు చూపించినట్టు, ఒక్కొక్క ఆటా చెప్పుకుంటూ పోయాడు. మొదటిరోజు పొద్దున పడ్డ ముక్కలు, రెండో రోజువి, ఎనిమిదో రోజువి. ఏం పడితే ఏం చేశాడో అంతా గుర్తుంది. సాంసన్ మధ్యలో ఆపి అడిగేవాడు. "రాణి, ఆరు, ఐదు?" "ఆడిన." "జాకీ, పది, ఎనిమిది?" "పారేసిన." "పక్క గడి?" "ముట్టలే సార్." "పోయినంక కోపంల ఎక్కువ పెట్టినవా?" "ఒక్కసారి గూడ పెట్టలే. బల్ల మీద ఎంత తక్కువ రాసి ఉంటే గంతే పెట్టిన."

సాంసన్ ముఖం మెల్లగా తెల్లబోయింది.

"దినాం ఎన్ని గంటలు కూసున్నవ్?" అని అడిగాడు.

"మగ్గం మీద కూసున్నంత సేపు. పదమూడు, పద్నాలుగు గంటలు. బుక్కెడు తిననీకె లేసిన, గంతే. పక్కన కూసున్నోళ్లు గంటకోసారి లేసి తిరుగుతుర్రు, సిగరెట్లు తాగుతుర్రు. నేను లేవలే. పని మధ్యల లేస్తే ఎట్ల సార్?"

నేను చాయ్ వడగడుతూ చెయ్యి కాల్చుకున్నాను.

సాంసన్ నెమ్మదిగా చెప్పాడు. తప్పు లేదు, ఒక్క తప్పు కూడా లేదు. ఎంత బాగా ఆడినా వంద పెడితే ఒక మూడు రూపాయల దాకా బల్ల తింటుంది. ఆ మూడు తినకుండా ఆపే విద్య లోకంలో లేదు. తెలియనివాడికి ఎక్కువ పోతుంది, తెలిసినవాడికి మూడు పోతాయి. అది ఒక్కసారికి. గంటకు యాభై సార్లు పంచుతారు. రోజుకు పద్నాలుగు గంటలు, ఎనిమిది రోజులు. పైన రోజూ పడవెక్కినందుకు టికెట్టు. లక్షా తొంభై వేలూ అట్లాగే కరిగిపోయాయి.

"మగ్గం మీద ఎంత సేపు కూసుంటే గంత బట్ట అయితది" అన్నాడు సాంసన్. "ఆడ ఎంత సేపు కూసుంటే గంత పోతది మధూ. సుదర్శనన్న రెండు గంటలకే లేసిండు. వాళ్లెవ్వరూ కూసోలేరు. నువ్వు కూసుంటవని నాకు తట్టలే."

మధుసూదన్ అన్నాడు. "తప్పు చేసి ఉంటే సర్దుకుందునేమో సార్. తప్పే లేదంటిరి. మరి బల్లనే గెలుస్తదని మీకు ముందుగాలనే ఎరుక గదా?"

"ఎరుకనే."

"పని నేర్చుకుంటున్న, కూలొస్తది అని నేను అన్ననాడు మీరు ఈడనే ఉంటిరి గదా?"

"ఉన్న."

"మరి నాకెందుకు నేర్పినవ్ అన్నా?"

సార్ పోయి అన్నా వచ్చింది. సాంసన్ రెండు చేతులతో ముఖం రుద్దుకున్నాడు. వాడు అబద్ధం చెప్పొచ్చు. నీ మంచికే అనుకున్నానని అనొచ్చు. చెప్పలేదు, అందుకే వాడి మీద నాకు ఇంకా కాస్త గౌరవం మిగిలి ఉంది.

"నన్నెవ్వరూ ఎప్పుడూ ఏదీ అడగలే" అన్నాడు. "నువ్వు చేతులు కట్టుకొని అడిగినవ్. చెప్పేస్తే రేపట్నుంచి రావేమో అనుకున్న."

మధుసూదన్ సంచి తీసుకుని లేచాడు. తలుపు దాకా పోయి, తిరిగొచ్చి, తాగని చాయ్‌కి డబ్బులు ఇవ్వబోయాడు. నేను చెయ్యి పట్టుకుని ఆపాను. నాకు ఏడుపు వచ్చింది, ఏం దాచుకోను.

ఊరు ఊరుకుంటుందా? వారం తిరక్కుండా అందరికీ తెలిసిపోయింది. సుదర్శన్ తనకేమీ సంబంధం లేనట్టు హోటల్ మారాడు. వనపర్తి వాళ్లు రాలేదు. "చేతులు కాలినంక ఆకులు పట్టుకుంటే ఏం లాభం" అని నీతులు చెప్పినవాళ్లంతా అంతకు ముందు వాడి చుట్టూ బెంచీలు లాక్కున్నవాళ్లే. ఫంక్షన్ హాలువాళ్లు మాత్రం సాంసన్‌ను ఏమీ అనలేదు. ఊడ్చే మనిషి ఎవరికైనా కావాల్సిందే కదా.

మధుసూదన్ మళ్లీ శావుకారి పడుగే ఎక్కించుకున్నాడు. ఇంతకు ముందు ఎప్పుడో ఒకనాటికి సొంత పడుగు ఎక్కిస్తానన్న ఆశతో నేసేవాడు. ఇప్పుడు ఉత్త కూలి. ఇల్లు గడవక భార్గవి విత్తనపత్తి చేలల్లో పువ్వుల పుప్పొడి కలిపే కూలికి పోవడం మొదలుపెట్టింది. చీకటితో ఆటో ఎక్కితే పొద్దుగూకి దిగేది. ఆమె పోవడంతో ఇంకో చిక్కొచ్చింది. మా చీరకు పట్టు అంచును నూలు ఒంటితో పోగు పోగుకూ ముడేస్తూ కలపాలి. దాన్ని కుట్టు అంటారు. దానికి మగ్గం మీద పక్కన ఇంకో మనిషి కూర్చుని, దారం మోసే నాడె అందించాలి. ఇన్నేళ్లూ ఆ పక్క భార్గవి కూర్చునేది. ఇప్పుడా చోటు ఖాళీ. ఒక్కడే కిందా మీదా పడుతున్నాడని, చీర వారానికి కాదు గదా మూడు వారాలకు కూడా దిగడం లేదని నాకు తెలిసింది. నా నోటి నుంచి సాంసన్‌కు తెలిసింది.

మర్నాడు సాంసన్ హోటల్‌కు రాలేదు. ఆ మరుసటి రోజు మధ్యాహ్నం వచ్చి మూలబల్ల దగ్గర కూర్చున్నాడు. చాయ్ పెట్టాను. ముట్టలేదు.

"మధు ఇంటికి పోయిన కాకా" అన్నాడు. "భార్గవి చెల్లె జాగల నేను కూసుంట, కూలి వద్దు, నాడె అందిస్త అన్న. ఏమనలే. కూసో అన్నడు."

"మంచి పని చేసినవ్ రా" అన్నాను.

"పొద్దంత చూపిచ్చిండు. గిట్ల పట్టు, గిట్ల విడువు అని. ఓపికగ చెప్పిండు, ఒక్క మాట గూడ గరంగ అనలే. నా చేతులు చూడు." రెండు అరచేతులూ తిప్పి బల్ల మీద పెట్టాడు. కాంక్రీటూ, యాసిడూ, ఫినాయిలూ తిన్న చేతులు. పగుళ్లు బరకగా ఉన్నాయి. "పట్టు దారం నా వేళ్లకు చిక్కుకుంటది. ముట్టుకుంటె తెగుతది. నిన్న పదిసార్లు తెగింది. నూనె రాసుకొని మళ్ల ఈ దినం పోయిన. మళ్ల తెగింది."

"కొత్త కదరా. నెల రోజులైతే వస్తుంది."

"నేనూ గదే అన్న. నేర్చుకుంట మధూ, నెల గాని, రెండు నెల్లు గాని అన్న." "వాడు నాడె పక్కకు పెట్టి నా చేతులు పట్టుకున్నడు. 'అన్నా, గీ పని నీ చేతికి రాదు. ఏడాది కూసున్నా రాదు. ఊకె నీ దినాలు పోతయ్. ఇప్పుడే చెప్తున్న, లేసి పో' అన్నడు."

పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి, చూసుకోలేదు.

"రెండో దినమే చెప్పిండు కాకా" అన్నాడు సాంసన్. "మూడు నెల్లు గాదు, రెండో దినమే."

అంతే, బల్ల మీద తల పెట్టుకుని బిగ్గరగా ఏడ్చాడు.